గ్రంథాలయం తెరిచేదాకా

2010 మే 24, సోమవారం పొద్దున. అమెరికాలోని వర్జీనియా రాష్ట్రం, స్టాఫోర్డ్ కౌంటీ. గ్రంథాలయం ఇంకా తెరవలేదు. బయట పచ్చికలో ఓ కుర్రాడు కూచుని ఉన్నాడు. పేరు రెజినాల్డ్ లాట్సన్, అందరూ పిలిచేది నీలీ అని. 18 ఏళ్లు. నల్లజాతివాడు. ఆటిజం ఉంది.

మన విశాఖ ద్వారకానగర్ పౌర గ్రంథాలయం దగ్గరా పొద్దున్నే కుర్రాళ్లు పోగవుతారు. గ్రూప్స్‌కి చదివేవాళ్లు, బ్యాంకు పరీక్షలవాళ్లు. తలుపు తీసేదాకా అక్కడే కాలక్షేపం. వాళ్లని చూసి ఎవరూ పోలీసులకి ఫోన్ చెయ్యరు. స్టాఫోర్డ్‌లో చేశారు. ఎవరో నల్లవాడు అనుమానంగా కనిపిస్తున్నాడు, తుపాకీ ఉందేమో అని కబురు.

డిప్యూటీ (షెరీఫ్ కింద పనిచేసే పోలీసు) వచ్చాడు. ఒళ్లంతా తడిమి చూశాడు. తుపాకీ లేదు. ఇంతటితో అయిపోవాల్సిన వ్యవహారం. అవలేదు.

పేరు చెప్పమన్నాడు. నీలీ చెప్పలేదు. తను ఏ తప్పూ చెయ్యలేదు, వెళ్లిపోబోయాడు. డిప్యూటీ పట్టుకున్నాడు. ఆటిజం ఉన్న మనిషిని ఉన్నపళంగా ఒడిసిపడితే ఏమవుతుందో అలాంటి బిడ్డ ఉన్న ఏ ఇంట్లో అడిగినా చెబుతారు. పెనుగులాట జరిగింది. డిప్యూటీకి గట్టి దెబ్బలే తగిలాయి. ఆ సంగతి దాచక్కర్లేదు.

కోర్టులో ఆటిజం మాటని జ్యూరీ చెవిన పెట్టలేదు. పదిన్నరేళ్ల శిక్ష వెయ్యమంది. జడ్జి చాలా మటుకు నిలిపేసి రెండేళ్లకి తగ్గించాడు. బయటికొచ్చాక మరో గొడవ, మళ్లీ జైలు. అక్కడ నెలల తరబడి ఒంటరి గది. ఓసారి గంటల కొద్దీ కుర్చీకి కట్టి ఉంచారు. గోల తట్టుకోలేని మనిషిని గోలలో పెట్టడం ఒక హింస. నాలుగ్గోడల మధ్య ఒక్కణ్నే మూసెయ్యడం ఇంకో హింస.

ఎదుటివాడి కళ్లలోకి చూడకపోవడం, టోపీ తలమీదికి లాక్కోవడం, పచార్లు చెయ్యడం, అడిగినదానికి ఠక్కున జవాబు రాకపోవడం. తెల్లవాడిలో ఇవి కనిపిస్తే ‘అదో రకం మనిషి’ అని ఊరుకుంటారు. నల్లవాడిలో కనిపిస్తే నేరగాడి వాలకం. అందుకే ‘నువ్వు నువ్వులా ఉండు’ అన్న సలహా అక్కడి నల్లజాతి ఆటిస్టిక్ మనిషికి అంత చవగ్గా దొరికేది కాదు. మన దగ్గర నలుపు పెళ్లిచూపుల్లో అడ్డమొస్తుంది. అక్కడ ప్రాణం మీదికి తెస్తుంది.

నీలీని జైల్లోంచి బయటికి లాగింది తనలాంటివాళ్లూ, వాళ్ల పక్షాన నిలిచినవాళ్లూ. ఆటిజం ఉన్న పెద్దవాళ్లే నడుపుకునే ఆటిస్టిక్ సెల్ఫ్ అడ్వకసీ నెట్‌వర్క్, ఇంకా ది ఆర్క్ లాంటి వికలాంగుల హక్కుల సంఘాలు గవర్నర్‌ని వదల్లేదు. 2015 జనవరిలో క్షమాభిక్ష వచ్చింది, షరతుల మీద. షరతు తప్పితే మళ్లీ జైలే. అవేవీ లేని పూర్తి క్షమాభిక్ష 2021 జూన్‌లో గానీ రాలేదు. పచ్చికలో కూచున్న కుర్రాడికి అప్పటికి 29 ఏళ్లు.

ఈ మధ్యలోనే, 2017లో, ఒక పుస్తకం వచ్చింది: ‘ఆల్ ది వెయిట్ ఆఫ్ అవర్ డ్రీమ్స్’. ఏడు దేశాలకి చెందిన 61 మంది రచయితలు, చిత్రకారులు. అందరూ ఆటిస్టిక్, ఒక్కరూ తెల్లవాళ్లు కారు. సంపాదకులు ముగ్గురిలో ఒకరు టెక్సాస్‌కి చెందిన మోరెనికే గివా ఒనైవు. ఆఫ్రికా నుంచి వలసొచ్చిన దంపతుల కూతురు. ముందు పిల్లలకి ఆటిజం అని తేలింది, ఆ తరవాతే తనకీ ఉందని తెలిసింది. అప్పటికే ఆమె పెద్దది, తల్లి. ఇన్నేళ్లూ ‘నాలోనే ఏదో లోపం’ అనుకుంటూ బతికినవాళ్లకి ఆ పేరు దొరకడమే పెద్ద ఊరట. అయితే పేరు దొరికాక పోయి కలవడానికి మనుషులేరీ? ఆటిజం సభలకి వెళితే చుట్టూ తెల్లవాళ్లు. సొంతవాళ్ల దగ్గరికొస్తే ‘అది తెల్లోళ్ల జబ్బు’ అనే మాట. ఆ మాట ఊరికే పుట్టలేదు. 1943లో లియో కానర్ ఆటిజం గురించి రాసిన పత్రంలోని 11 మంది పిల్లలూ తెల్లవాళ్లే. అందుకే ఆ 61 మందీ ముందు ఒకరికొకరు కనబడాల్సొచ్చింది.

విశాఖలో ఎవరికి ఎవరు కనబడుతున్నారు? ఉక్కునగరంలో అరుణోదయ ప్రత్యేక బడి ఉంది, నేవీవాళ్ల బడి సంకల్ప్ ఉంది. రెండూ పిల్లల కోసం. ఆ పిల్లలు పెద్దయ్యాక ఎక్కడికి పోతున్నారో అడిగేవాళ్లు తక్కువ. అసలు ఏ బడి కంటా పడకుండా ‘మొండోడు’, ‘కలుపుగోలుతనం లేదు’, ‘పెళ్లి చేస్తే అదే కుదురుకుంటాడు’ అనిపించుకుంటూ నలభై దాటినవాళ్ల లెక్క ఇంకా వేరు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాల్లో ఆటిజాన్నీ చేర్చింది. ప్రభుత్వ కొలువుల్లో ఆటిజం, మేధోవైకల్యం, మానసిక అనారోగ్యం వగైరాలకి కలిపి 1 శాతం ఇమ్మంది. ఉక్కు కర్మాగారం, పోర్టు కూడా ఆ లెక్కలోకి వచ్చేవే. ఆ కొలువు అడగాలంటే ముందు సర్టిఫికెట్టు ఉండాలి. అది ఇచ్చే సదరం శిబిరంలో బిడ్డ చెయ్యి పట్టుకున్న తల్లిదండ్రుల్ని చూస్తాం. నలభయ్యేళ్ల మనిషి తనంతట తాను వరసలో నిలబడి ‘ఆటిజం నాకేనండీ’ అంటే, మన మొదటి ప్రశ్న ‘మీతో ఎవరొచ్చారు?’ అనే.