అంతరిక్ష కేంద్రాల చరిత్ర: గోదావరి జిల్లాల హైస్కూళ్లలో బోధన

అంతరిక్ష కేంద్రం అంటే భూమి చుట్టూ తిరుగుతూ, మనుషులు వారాలు, నెలల తరబడి ఉండి పనిచేసుకోవడానికి వీలుగా కట్టిన నివాసం. 1971లో సోవియట్ యూనియన్ పంపిన సల్యూత్-1తో ఈ చరిత్ర మొదలైంది. దీన్ని రాజమహేంద్రవరం, భీమవరం, అమలాపురం ప్రాంతాల హైస్కూలు పిల్లలకు చెప్పడానికి సల్యూత్ కంటే అమెరికా కేంద్రం స్కైలాబ్ దగ్గరి దారి. ఆ పేరు వినని తాతలు, నాయనమ్మలు ఇక్కడ అరుదు.

స్కైలాబ్

స్కైలాబ్ నెత్తిన పడుతుందన్న వార్త 1979లో తెలుగు పల్లెలను వణికించింది. ఎలాగూ పోతాం కదా అని ఉన్న కోళ్లు, మేకలు కోసుకు తిన్నారని, దాచుకున్న డబ్బు ఖర్చుపెట్టేశారని పెద్దలు ఇప్పటికీ చెబుతారు. ఆ రోజుల్లో పుట్టిన కొందరు పిల్లలకు స్కైలాబ్ అనే పేరే పెట్టారు. కరీంనగర్ ప్రాంతంలోని బండలింగంపల్లి నేపథ్యంగా ఆ రోజుల మీద 2021లో ‘స్కైలాబ్’ సినిమా కూడా వచ్చింది. చివరికి మన కాలమానం ప్రకారం జులై 11 రాత్రి దాని శకలాలు హిందూ మహాసముద్రంలోను, పశ్చిమ ఆస్ట్రేలియాలోను పడ్డాయి. ఎవరికీ ఏమీ కాలేదు.

అది ఎందుకు పడిందన్నది తరగతిలో తప్పకుండా చెప్పాల్సిన సంగతి. 1973 మే 14న అమెరికా ప్రయోగించిన ఈ 77 టన్నుల కేంద్రం పైకి వెళ్తూనే దెబ్బతింది. రక్షణ కవచం ఊడిపోయింది, ఒక సౌర ఫలకం పోయింది. మొదటి బృందం వెళ్లి ఎండ తగలకుండా గొడుగులాంటి తెర కప్పి దాన్ని నిలబెట్టింది. మూడు బృందాలు వరుసగా 28, 59, 84 రోజులు అందులో ఉన్నాయి. 1974 ఫిబ్రవరి తర్వాత అక్కడికి ఎవరూ వెళ్లలేదు. ఆ తర్వాత సూర్యుడి మీద అలజడి ఊహించినదానికంటే పెరిగింది. దాంతో భూవాతావరణం పైపొర వేడెక్కి ఉబ్బింది. ఆ ఎత్తులో ఉండే పలచని గాలి రాపిడికే కేంద్రం కక్ష్య కిందికి దిగిపోతూ వచ్చింది. స్పేస్ షటిల్‌ను పంపి పైకి నెట్టాలనుకున్నారు గానీ, షటిల్ మొదటిసారి ఎగిరేసరికి 1981 వచ్చింది. ఈ కారణాలన్నీ తెలిసిన పిల్లవాడిని అలాంటి పుకారు భయపెట్టలేదు.

స్కైలాబ్‌కు మరో విశేషం ఉంది. అందులో చేయదగ్గ ప్రయోగాలు సూచించమని నాసా హైస్కూలు విద్యార్థులనే అడిగింది. 3,400కు పైగా ప్రతిపాదనలు వస్తే 25 ఎంపికయ్యాయి. మసాచుసెట్స్‌కు చెందిన జూడిత్ మైల్స్ అనే విద్యార్థిని అడిగిన ప్రశ్న చాలా చిన్నది: బరువు తెలియని చోట సాలెపురుగు గూడు అల్లగలదా? అరబెల్లా, అనితా అని పేర్లు పెట్టి రెండు సాలెపురుగులను పంపారు. అరబెల్లా మొదట అల్లిన గూడు చిందరవందరగా వచ్చింది. కొద్ది రోజుల్లోనే అది మామూలు గూడును పోలినదాన్ని అల్లేసింది. దారాలు మాత్రం భూమి మీద అల్లినవాటి కంటే సన్నగా ఉన్నాయి. అంతరిక్ష కేంద్రం ఎందుకు అని అడిగే పిల్లలకు ఇంతకంటే మంచి జవాబు దొరకదు.

సల్యూత్ నుంచి ఐఎస్‌ఎస్ దాకా

సల్యూత్-1లో 23 రోజులు గడిపిన ముగ్గురు సోవియట్ వ్యోమగాములు తిరుగు ప్రయాణంలో నౌకలోని గాలి బయటికి పోవడంతో చనిపోయారు. సల్యూత్-7కు 1984 ఏప్రిల్‌లో రాకేశ్ శర్మ వెళ్లారు. 1986 నుంచి 2001 దాకా మీర్ కేంద్రం పనిచేసింది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం (ఐఎస్‌ఎస్) మొదటి భాగం 1998 నవంబరులో కక్ష్యకు చేరింది. 2000 నవంబరు 2 నుంచి అక్కడ మనుషులు లేని రోజు లేదు. చైనా 2021లో తియాంగాంగ్ కేంద్రం నిర్మాణం ప్రారంభించింది.

హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్లిన తండ్రికి అక్కడే పుట్టిన రాజాచారి, 2021 నవంబరులో క్రూ-3 బృందానికి కమాండరుగా ఐఎస్‌ఎస్‌కు వెళ్లి 2022 మే దాకా అక్కడే ఉన్నారు. 2021 జులైలో శిరీష బండ్ల చేసినది కక్ష్యకు చేరకుండా పైకి వెళ్లివచ్చిన యాత్ర. ఇద్దరూ మనకు గర్వకారణమే, కానీ రెండు యాత్రలకూ తేడా ఏమిటో పిల్లలకు విడమరిచి చెప్పాలి. 2025 జూన్ 26న ఐఎస్‌ఎస్‌లో అడుగుపెట్టిన తొలి భారతీయుడు శుభాంశు శుక్లా అక్కడ మెంతులు, పెసలు మొలకెత్తించారు. ఆ ప్రయోగంలో భూమి మీద చేయాల్సిన సగాన్ని మన బడిలోనే తడిగుడ్డ మీద చేసి చూపించవచ్చు.

లెక్కల పీరియడ్‌లో

అంతరిక్షంలో గురుత్వాకర్షణ ఉండదన్నది పిల్లల్లో పాతుకుపోయిన అపోహ. తొమ్మిదో తరగతి గురుత్వాకర్షణ పాఠంలోని సూత్రంతోనే దీన్ని సరిదిద్దవచ్చు. భూమి వ్యాసార్ధం 6,371 కిలోమీటర్లు, ఐఎస్‌ఎస్ ఎత్తు సుమారు 400. 6,371ని 6,771తో భాగించి వర్గం చేస్తే 0.885 వస్తుంది. అంటే అక్కడ గురుత్వ త్వరణం 9.8కి బదులు 8.7 దాకా ఉంటుంది. మనిషి తేలడానికి కారణం ఆకర్షణ లేకపోవడం కాదు, మనిషీ కేంద్రమూ కలిసి నిరంతరం భూమి వైపు పడుతూ ఉండటమే. సెకనుకు 7.66 కిలోమీటర్ల అడ్డు వేగం ఉండబట్టి నేలను తాకరు, దాదాపు 92 నిమిషాలకొకసారి భూమిని చుట్టేస్తారు.

ఐఎస్‌ఎస్ కక్ష్య భూమధ్యరేఖకు 51.6 డిగ్రీల వాలులో ఉంది. రాజమహేంద్రవరం 17 డిగ్రీల అక్షాంశం మీద ఉంది కాబట్టి అది మన నెత్తి మీదుగానూ పోతుంది. అడ్డంకిలేని ఆకాశం ఉన్న గోదావరి గట్టు మీద గాని, కోతలైన చేలలో గాని నిలబడితే, సాయంత్రం చీకటి పడ్డాక గాని తెల్లవారకముందు గాని మినుకుమనకుండా సాగిపోయే చుక్కలా కనిపిస్తుంది. ఏ రోజు ఏ వేళకు వస్తుందో నాసా ముందే ప్రకటిస్తుంది.

శ్రీహరికోట, ఆ తర్వాత

కక్ష్యలో రెండు నౌకలను కలపగలిగితేనే కేంద్రాన్ని భాగాలుగా కట్టడం సాధ్యం. ఇందుకోసం ఇస్రో 2024 డిసెంబరు 30న శ్రీహరికోట నుంచి స్పేడెక్స్ జంట ఉపగ్రహాలను పంపింది. జనవరి 12న అవి 3 మీటర్ల దూరం దాకా వచ్చి మళ్లీ వెనక్కి జరిగాయి. 16న కలిశాయి. అమెరికా, రష్యా, చైనాల తర్వాత ఈ పని చేసిన నాలుగో దేశం మనది. భారతీయ అంతరిక్ష కేంద్రం తొలి భాగాన్ని 2028లో పంపి, 2035 నాటికి నిర్మాణం పూర్తిచేయాలన్నది లక్ష్యం.

ఈ సంగతులు పిల్లలకు చేరాలంటే రాసేవాళ్లు కావాలి. పిల్లల కోసం సైన్సు రాసే అలవాటు ఈ నేలకు కొత్త కాదు. కోనసీమలోని ముంగండ మూలాలున్న మహీధర నళినీమోహన్ ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో పనిచేస్తూనే తెలుగు పిల్లలకు శాస్త్రవిషయాలను కథలుగా చెప్పారు. అంతరిక్ష కేంద్రాల గురించి కూడా అంత ఇంపైన తెలుగు పుస్తకాలు బడి గ్రంథాలయాలకు కావాలి. పుస్తకాలతోపాటు శిక్షణకూ దారి ఉంది: ఇస్రో 2019లో మొదలుపెట్టిన యువిక శిబిరం తొమ్మిదో తరగతి వాళ్లకే. శిక్షణ ఇచ్చే కేంద్రాల్లో శ్రీహరికోట కూడా ఉంది. దరఖాస్తులు సాధారణంగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో తీసుకుంటారు. సైన్సు ఉపాధ్యాయులు ఆ ప్రకటనను నోటీసు బోర్డుకే వదిలేయకుండా, తరగతిలో చదివి వినిపించి, పిల్లల చేత దరఖాస్తు చేయించాలి.