పరదాపై శాసనం: హైదరాబాదు అనుభవం

ముస్లిం స్త్రీల ముఖపు ముసుగును చట్టంతో నిషేధించవలెనా? ఫ్రాన్సు 2010లో బహిరంగ ప్రదేశాలలో ముఖం కప్పుకొనడాన్ని నిషేధించింది. 2014లో ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం ఆ చట్టాన్ని సమర్థించింది. మన దేశంలో కూడ ఈ ప్రశ్న తరచు వినబడుతున్నది కనుక చరిత్రను పరిశీలించుట అవసరం.

ముందుగా ధర్మశాస్త్ర విషయం. హనఫీ ఫిఖ్హ్‌లో ప్రసిద్ధమైన అభిప్రాయం ప్రకారం ముఖమూ చేతులూ సత్ర్‌లో చేరవు. ఫిత్నా భయంతో తరువాతి పండితులు ముఖం కప్పుకొనుటే మేలన్నారు. ఇహ్రాంలో ఉన్న స్త్రీ నిఖాబ్ ధరించరాదని హదీసు ఉన్నది. ఇది విద్వాంసుల మధ్య నడిచే చర్చ. దీనిని తీర్చుట పోలీసుల పని కాదు.

పోలీసులు తీర్చబూనితే ఏమగునో ఇరాన్ చూపినది. 1936లో రెజా షా పరదాను నిషేధించగా పోలీసులు వీధులలో ముసుగులు లాగివేశారు. ఎందరో స్త్రీలు గడప దాటుట మానుకొన్నారు. 1941లో ఆయన గద్దె దిగగానే పలువురు మరల చాదర్ ధరించారు. 1979 విప్లవం తరువాత అదే దేశంలో హిజాబ్ నిర్బంధమైనది. ఆజ్ఞ తారుమారైనది, బలవంతం మాత్రం మారలేదు.

సంగారెడ్డి ప్రాంతం కూడ భాగమైన నాటి హైదరాబాదు రాజ్యంలో మార్పు మరొక దారిన వచ్చినది. 1907లో మహబూబియా బాలికల పాఠశాల, 1924లో మహిళా కళాశాల ఏర్పడినవి. పరదాను విడిచిన సుగ్రా హుమాయూన్ మీర్జా 1934లో సఫ్దరియా బాలికల పాఠశాలను స్థాపించారు. 1952లో మాసుమా బేగం శాసనసభకు ఎన్నికైనారు. ఈ మార్పును తెచ్చినది నిషేధం కాదు, చదువు.

మన న్యాయవ్యవస్థ కూడ మధ్యేమార్గమునే అనుసరించినది. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ 132వ సెక్షను పరదా స్త్రీలకు కోర్టు హాజరు నుండి మినహాయింపు ఇచ్చినది. అయితే 2006లో మద్రాసు హైకోర్టు, ఓటర్ల జాబితాలో బురఖా స్త్రీల ఫొటోలు ఉండరాదన్న వాదనను తోసిపుచ్చినది. అనగా, అవసరమున్న చోట ముఖం చూపవలసినదే. ఆ అవసరం తీరిన పిమ్మట ఆమె ఇష్టం.

పటాన్‌చెరు పారిశ్రామికవాడకు ఈ సూత్రం సులభంగా అన్వయిస్తుంది. ఫ్యాక్టరీ గేటు వద్ద గుర్తింపు కార్డులోని ఫొటోతో ముఖం సరిపోవలెను. ఆ తనిఖీ స్త్రీ ఉద్యోగి చేయవచ్చును. తిరిగే యంత్రం వద్ద వ్రేలాడే వస్త్రం ఎవరిదైనా ప్రమాదమే. మందుల కర్మాగారాల శుభ్రమైన గదులలోనో, స్త్రీపురుషులందరూ తలా నోరూ ముక్కూ కప్పుకొనే పని చేస్తారు. కావున నియమం పనిని బట్టి ఉండవలెను, మతాన్ని బట్టి కాదు.

బురఖాతో బస్సెక్కి సంగారెడ్డి కళాశాలకు వెళ్లే బాలికను నిషేధ చట్టం ముసుగు నుండి విడిపించదు. చదువు నుండి విడదీయగలదు. ఆ ముసుగును బలవంతంగా తొడిగించే హక్కు కూడ ఎవరికీ లేదు. కళాశాల తలుపు తెరచి ఉంటే, తక్కినది ఆమెయే నిర్ణయించుకొనగలదు.