మిఠాయి కేసులో పది రోజుల గడువు

మన కర్నూలు, కడప జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పుడు కల్తీ కేసులకు 1918 నాటి మద్రాసు చట్టం ఆధారం. 1955 జూన్ 1 నుంచి కేంద్రం చేసిన ఆహార కల్తీ నిరోధక చట్టం అమలుకు వచ్చింది. జిలేబీలోనో లడ్డులోనో మెటానిల్ యెల్లో వంటి నిషిద్ధ రంగు తేలితే అంగడివానిపై కేసే. 1964 సవరణ తర్వాత శిక్ష సాధారణంగా ఆరు నెలల జైలుకు, వెయ్యి రూపాయల జరిమానాకు తగ్గరాదు.

నమూనాను మూడు భాగాలు చేసి, ఒకటి పబ్లిక్ అనలిస్టుకు పంపేవారు. తక్కిన రెండూ భద్రపరిచేవారు. కేసు దాఖలయ్యాక రిపోర్టు నకలు ముద్దాయికి పంపాలి. అది అందిన పది రోజుల్లో, మరో భాగాన్ని కేంద్ర ప్రయోగశాలలో పరీక్షించమని అతడు కోర్టును కోరవచ్చు. ఈ హక్కు 1976 సవరణతో ఈ రూపం పొందింది. ఆ కవరు పంపడం మా గుమాస్తాల పని.

ఒక మిఠాయి కేసులో నేను దాన్ని చాలా ఆలస్యంగా పంపాను. అప్పటికే నమూనా చెడిపోయింది. కేసు కొట్టేశారు. అతడు నిజంగా కల్తీ చేశాడో లేదో తేలనే లేదు. ఆ మిఠాయి తిన్న పిల్లలకూ, కోర్టు చుట్టూ తిరిగిన అతనికీ న్యాయం జరగలేదు.

2011 ఆగస్టు 5 నుంచి ఆహార భద్రత చట్టం వచ్చింది. నాసిరకం సరుకుకు జైలు లేదు, ఐదు లక్షల దాకా జరిమానా. ప్రమాదకరమైన సరుకైతే జైలు. రిపోర్టుపై అప్పీలుకు గడువు ముప్పై రోజులు. సర్వీసులో ఉన్న మన పిల్లలకు నా మనవి ఒక్కటే: ఆ నకలు ఆ రోజే పంపండి.