పల్లాడియం ప్రింటులో కాంట్రాస్ట్ కథ

ఫొటోగ్రఫీలో పల్లాడియం ప్రింటును అందరూ మెచ్చుకునేది దాని మెత్తదనానికే. చిక్కు కూడా అక్కడే ఉంది. చిక్కటి నీడ నుంచి తెల్లటి వెలుగు దాకా అది చాలా ఛాయలను ఇముడ్చుకుంటుంది. అందుకే సిల్వర్ కాగితానికి సరిపోయే నెగటివ్‌ను దీనిమీద పెడితే బొమ్మ చప్పగా, బూడిదరంగుగా వస్తుంది.

దీని మూలం ప్లాటినం ముద్రణ. దానికి విలియం విల్లిస్ 1873లో ఇంగ్లండులో పేటెంటు తీసుకున్నాడు. వెలుతురు తగిలిన మేరకు కాగితం మీది పూతలోని ఫెర్రిక్ ఆక్సలేట్ ఫెర్రస్‌గా మారుతుంది. డెవలపర్‌లో ఆ ఫెర్రస్ లోహలవణాన్ని అసలు లోహంగా మార్చి కాగితపు పీచుకు పట్టిస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో పేలుడు పదార్థాలకు కావలసిన నైట్రిక్ ఆమ్లం తయారీకి ప్లాటినం అవసరం పడి, ధర చుక్కలనంటింది. దాంతో 1916లో విల్లిస్ పల్లాడియం కాగితం తెచ్చాడు.

అప్పట్లో కాంట్రాస్ట్ గురించి పెద్దగా బెంగపడలేదు. నెగటివ్‌నే చిక్కగా డెవలప్ చేసి, కాగితానికి ఆనించి ముద్రించేవారు. 1930ల తర్వాత తయారు కాగితం బజారులో కనుమరుగైంది. 1960లలో ఫొటోగ్రాఫర్ ఇర్వింగ్ పెన్ వంటివారు సొంతంగా పూత వేసుకోవడం మొదలుపెట్టేనాటికి, చేతిలో ఉన్న నెగటివ్‌లు ఎక్కువగా సిల్వర్ కాగితం కోసం పలచగా తీసినవే. ఇక కాంట్రాస్ట్ భారం రసాయనాల మీద పడింది.

పాత ఉపాయం పొటాషియం క్లోరేట్. ఫెర్రిక్ ఆక్సలేట్‌లో కొద్దిగా కలిపితే కాంట్రాస్ట్ పెరుగుతుంది, మోతాదు మించితే లేత ఛాయల్లో ఇసుక చల్లినట్టు రేణువులు తేలతాయి. డెవలపర్‌లో డైక్రోమేట్ కలిపేవారూ ఉన్నారు. పని చేస్తుంది గానీ అది క్యాన్సర్ కారకం. నన్నడిగితే దాన్ని మానేయడమే మేలు.

పల్లాడియానికి నిజంగా నప్పింది సోడియం క్లోరోప్లాటినేట్. ఫొటోగ్రాఫర్ డిక్ ఆరెంట్జ్ పుస్తకం వల్ల బాగా ప్రచారమైన ఈ పద్ధతిని ‘ఎన్‌ఏ2’ అంటారు. 20 శాతం ద్రావణాన్ని 10, 5, 2.5 శాతాలకు పలచబరిచి, పూతలో ఒకటి రెండు చుక్కలు వేస్తారు. అందులోని ప్లాటినం కొంత ఫెర్రస్‌ను తిరిగి ఫెర్రిక్‌గా మార్చేస్తుంది. వెలుతురు తక్కువ తగిలినచోట ఉన్న కాస్త ఫెర్రస్ అలా హరించుకుపోయి తెలుపు నిలుస్తుంది. నీడలకు మాత్రం నష్టం తెలియదు. కాకపోతే ఎక్స్‌పోజర్ పెంచాలి.

1990లలో కంప్యూటర్‌లో డిజిటల్ నెగటివ్ చేయడం వచ్చాక బాధ్యత మళ్లీ నెగటివ్‌కే చేరింది. కాంట్రాస్ట్‌ను తెరమీదే సరిదిద్దుకుంటున్నారు. సిల్వర్ కాగితం కోసం పలచగా తీసిన పాత నెగటివ్‌ను నేరుగా ముద్రించాలంటే మాత్రం ఇప్పటికీ ఆ చుక్కల సీసా తీయాల్సిందే.