ఒక్క తేదీ... ఎన్ని వేషాలో!

1982 నవంబరు 19, శుక్రవారం. సాయంత్రం 4 గంటల 14 నిమిషాల 55 సెకన్లు. యూస్‌నెట్ అనే తొలితరం కంప్యూటర్ చర్చావేదికకు నియమాలు రాసినవాళ్లు నమూనా పోస్టు మీద వేసిన వేళ ఇది. పాత పద్ధతిలో దాన్ని ‘ఫ్రై నవ్ 19 16:14:55 1982’ అని రాసేవారు. 1983 జూన్‌లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 850 అనే నియమావళిలో అది ‘ఫ్రైడే, 19-నవ్-82 16:14:55 ఈఎస్‌టీ’ అయింది. 1987 డిసెంబరు నాటి ఆర్‌ఎఫ్‌సీ 1036కు వచ్చేసరికి ‘ఫ్రై, 19 నవ్ 82 16:14:55 జీఎంటీ’.

మన కంటికి మూడూ ఒకటే. యంత్రానికి మూడూ వేరు. మొదటిదాంట్లో అది ఏ దేశపు గడియారమో చెప్పనే లేదు. తర్వాతి రెండింట్లో అంకెలు అవే ఉన్నా, అమెరికా తూర్పు తీరపు కాలం పోయి గ్రీనిచ్ కాలం వచ్చి కూర్చుంది. లెక్కగడితే ఐదు గంటల తేడా! నియమాలు చెప్పే పత్రాల్లోనే ఇలా ఉంటే, వేలాది కంప్యూటర్ల నుంచి వచ్చే పోస్టుల సంగతి వేరే చెప్పాలా?

యూస్‌నెట్ 1979లో డ్యూక్ విశ్వవిద్యాలయ విద్యార్థులు టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్‌లకు తట్టిన ఆలోచన. దగ్గర్లోనే, చాపెల్ హిల్‌లోని నార్త్ కరొలైనా విశ్వవిద్యాలయంలో చదువుతున్న స్టీవ్ బెలోవిన్ దానికి తొలి ప్రోగ్రామ్ రాశాడు. పెత్తనం చేసే కేంద్రమంటూ లేదు. ఒక కంప్యూటర్ ఇంకోదానికి ఫోన్ చేసి, తన దగ్గరున్న కొత్త పోస్టులు అందించేది. అది మరోదానికి. పల్లెల్లో కబురు చేతులు మారినట్టే. అందుకే ఒకే పోస్టు రెండు మూడు దారుల్లో వచ్చి పడేది.

వచ్చింది కొత్తదో, ఇప్పటికే చూసిందో తెలియడానికి ప్రతి కంప్యూటర్ ఒక చిట్టా రాసుకునేది. ప్రతి పోస్టుకూ ఉండే ప్రత్యేక గుర్తింపు సంఖ్య అందులో ఎక్కేది. అయితే డిస్కులు చిన్నవి. చిట్టా ఎల్లకాలం దాచలేరు కనుక కొన్నాళ్లకు పాత పద్దులు కొట్టేసేవారు. అలా కొట్టేశాక అదే పోస్టు ఏ మూల నుంచో మళ్లీ వస్తే? యంత్రం దాన్ని కొత్తదనుకుని ఊరంతా పంచేది. దీనికి కాపలా ఒక్కటే, తేదీ. గడువు దాటిన తేదీ ఉంటే ఆ పోస్టును గుమ్మంలోనే ఆపేయాలి. 1992లో రిచ్ శాల్జ్ విడుదల చేసిన ఐఎన్ఎన్ అనే యూస్‌నెట్ సర్వర్ కూడా ఇలాంటి గడువే పాటించేది. మరి తేదీ చదవడమే రాకపోతే? పోస్టు బుట్టదాఖలే. ఒక మనిషి రాత్రంతా కూర్చుని రాసుకున్న మాట, తేదీ వరుసలో ఒక్క చుక్క తేడాతో రాలిపోవచ్చు.

అందుకే ‘గెట్‌డేట్’ అనే చిన్న ప్రోగ్రామంటే నాకు అంత గౌరవం. దీన్ని మొదట రాసిందీ బెలోవినే. ఏ మాట ఏ స్థానంలో ఉండాలన్న పట్టింపు దీనికి లేదు. మాట రూపం చూసి పోల్చుకుంటుంది. మధ్యలో రెండు చుక్కలుంటే గంటలు, నిమిషాలు. ‘నవ్’ అంటే నెల. ‘ఫ్రై’ అన్నా ‘ఫ్రైడే’ అన్నా వారం. ఇంగ్లిష్‌లో ‘నిన్న’, ‘రెండు వారాల కిందట’ అన్నా అర్థం చేసుకుంటుంది. 1990 ఆగస్టులో శాల్జ్, జిమ్ బెరెట్స్ కలిసి దీన్ని మొత్తం తిరగరాశారు. నేటి లినక్స్‌లో తేదీలు చదివే ఆదేశం వెనక ఉన్నది దీని వంశమే.

ఆర్‌ఎఫ్‌సీ 850 పద్ధతీ పెద్దమనిషి పద్ధతే. పాత రూపంలో తేదీ రాయడం ఇక చెల్లదంటూనే, పాత ప్రోగ్రాములు ఇంకా అలాగే పంపుతున్నాయి గనుక వాటిని స్వీకరించి సరైన రూపంలోకి మార్చుకోమని కోరింది.

అన్నిటికన్నా తిప్పలు పెట్టినవి టైమ్‌జోన్ పేర్లు. ఈఎస్‌టీ అమెరికాలోనూ ఉంది, ఆస్ట్రేలియాలోనూ ఉంది. ఐఎస్‌టీ మనదీ, ఇజ్రాయెల్‌దీ, ఐర్లండ్‌దీ. గెట్‌డేట్ పట్టికలో ఐఎస్‌టీ భారత్‌కే దక్కింది, ఐదున్నర గంటలుగా. 1982 నాటి ఈమెయిల్ నియమావళి ఆర్‌ఎఫ్‌సీ 822లోనైతే ఒంటి అక్షరాల సైనిక టైమ్‌జోన్లు తలకిందులయ్యాయి. ముందుండాల్సినవి వెనక్కి, వెనకుండాల్సినవి ముందుకి. ఆ పొరపాటును 1989 అక్టోబరులో మరో పత్రం ఒప్పుకుంది. పేర్ల బదులు ‘+0530’ లాంటి అంకెలు వాడటం అప్పటికే ఊపందుకుంటోంది.

తర్వాత 2000 సంవత్సరం వచ్చింది. సీ అనే ప్రోగ్రామింగ్ భాషలో సంవత్సరాన్ని 1900 నుంచి లెక్కపెడతారు. 99 తర్వాత 100. కొన్ని ప్రోగ్రాములు ఆ 100నే అచ్చంగా రాశాయి. కొన్ని ముందు 19 తగిలించి 19100 చేశాయి. 2001 ఏప్రిల్‌లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 2822 మూడంకెల సంవత్సరం కనిపిస్తే దానికి 1900 కలుపుకోమంది. తప్పు రాసినవాడి మాట కూడా నలుగురికీ చేరాలన్న ఆలోచన ఉంటేనే ఇలాంటి వాక్యం రాయగలరు.

వెబ్ ప్రపంచానికీ ఈ వారసత్వం అందింది. 2022 జూన్ నాటి హెచ్‌టీటీపీ నియమావళి కూడా మూడు రకాల తేదీలను చదవగలగాలంటుంది. అందులో ఆ పాత గీతల ‘06-నవ్-94’ రూపమూ ఉంది.

టొరంటో విశ్వవిద్యాలయంలో హెన్రీ స్పెన్సర్ దాచిన 141 టేపుల వల్లే 1981 నుంచి 1991 దాకా జరిగిన యూస్‌నెట్ చర్చలు చాలావరకు మిగిలాయి. 2001 డిసెంబరులో గూగుల్ వాటిని అందరి ముందూ పెట్టింది. ఎవరు ముందన్నారు, ఎవరు బదులిచ్చారన్నది అక్కడ తేల్చేది తేదీ వరుసే.

మనకూ యూస్‌నెట్‌లో ఒక వేదిక ఉండేది. సాక్.కల్చర్.ఇండియన్.తెలుగు. విదేశాల్లోని తెలుగువాళ్లు అక్కడ ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాసుకున్నారు. ఆ పోస్టుల్ని ఫ్లాపీల్లోనో, పాత డిస్కుల్లోనో దాచుకున్నవారు మీలో ఉంటే ఒక్క మనవి. సొంత కాపీలు తీసేటప్పుడు పైనున్న హెడర్ వరుసల్ని చెత్త అనుకుని తీసేయకండి. తేదీ వింతగా, తప్పుగా కనిపించినా దిద్దకండి. ఉన్నదున్నట్టు ఉంచండి.