గేటు దగ్గర తేలిన లెక్క: తెలుగు సినిమా, సర్కారు రాయితీలు

తెలుగు సినిమా మద్రాసు నుంచి హైదరాబాదుకు ఎలా వచ్చిందని అడిగితే ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది. ప్రభుత్వం స్థలాలిచ్చింది, సబ్సిడీ ఇచ్చింది, వినోదపు పన్ను తగ్గించింది, పరిశ్రమ తరలివచ్చింది. సన్మాన సభల్లోనూ ప్రత్యేక సంచికల్లోనూ ఇదే మాట. ముఖ్యమంత్రి మారినప్పుడల్లా కొత్త రాయితీలు కోరడానికి ఆధారమూ ఇదే. ఇది పూర్తిగా తప్పని అనను గానీ, తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే నిలిచే వాదన కాదు. పైగా సర్కారు సినిమా మీద చూపిన ప్రభావాల్లో అన్నిటికన్నా పెద్దదాన్ని ఇది లెక్కలోకే తీసుకోదు. నిర్మాత చేతికందిన సబ్సిడీ కంటే, హాలు గేటు దగ్గర పన్ను వేసిన తీరే తెలుగు సినిమాను ఎక్కువగా మలిచిందని నా అభిప్రాయం.

తొలి దశ తెలిసిందే. ‘భక్త ప్రహ్లాద’ బొంబాయిలో తయారైంది. ఆ తర్వాత కొన్నాళ్లు కలకత్తా, కొల్హాపూర్ స్టూడియోలే దిక్కు. రాజమండ్రిలో నిడమర్తి సూరయ్య దుర్గా సినీటోన్ పెట్టి 1936లో ‘సంపూర్ణ రామాయణం’ తీశారు. విశాఖలోనూ ఒక ప్రయత్నం జరిగింది. రెండూ నిలవలేదు. సినిమా మద్రాసులో స్థిరపడింది.

తర్వాత హైదరాబాదులో సారథి స్టూడియో వెలిసింది. పూర్తిగా ఈ నగరంలోనే తీసిన ‘మా ఇంటి మహాలక్ష్మి’ 1959లో విడుదలైంది. నంది అవార్డులు 1964లో మొదలయ్యాయి. రాష్ట్రంలో తీసే చిత్రాలకు నగదు సాయం వచ్చింది. 1975లో చలనచిత్రాభివృద్ధి సంస్థ ఏర్పడింది. మరుసటి ఏడాదికల్లా అక్కినేని అన్నపూర్ణ స్టూడియో, నాచారంలో ఎన్టీఆర్ రామకృష్ణా సినీ స్టూడియో పని మొదలుపెట్టాయి. 1977 సంక్రాంతికి వచ్చిన ‘దానవీరశూరకర్ణ’ ఆ నాచారం స్టూడియోలో తీసినదే. అయినా పరిశ్రమ కదల్లేదు. అవుట్‌డోర్‌కు హైదరాబాదు వచ్చినవాళ్లు ల్యాబ్ పనికీ రికార్డింగుకూ మద్రాసుకే తిరిగి వెళ్లేవారు. నటులు, టెక్నీషియన్లు, ఫైనాన్షియర్లు అక్కడే ఉండేవారు. పరిశ్రమ బరువు నిజంగా ఇటు మొగ్గింది ఎనభైల చివర, తొంభైలలో. అంటే సారథి నుంచి లెక్కవేస్తే ముప్పయ్యేళ్లు. రాయితీలే కారణమైతే ఇంత ఆలస్యం ఎందుకైందో ప్రచారంలో ఉన్న కథ చెప్పదు. నా ఉద్దేశంలో ముందుగా కదిలింది మార్కెట్టు. నైజాం (తెలంగాణ) వసూళ్ల బరువు పెరిగింది, ఫైనాన్సు దాని వెంట వచ్చింది, స్టూడియోలు ఆ తర్వాత నిండాయి. స్థలాల కేటాయింపు ఆ ప్రయాణాన్ని సులువు చేసి ఉండవచ్చు, మొదలుపెట్టలేదు.

నగదు సబ్సిడీ గురించీ ఒక మాట చెప్పాలి. పక్కనున్న కర్ణాటకలో సబ్సిడీ పథకం తక్కువ ఖర్చు కన్నడ సినిమాకు నిజంగానే ఊపిరి పోసింది. అక్కడ మార్కెట్టు చిన్నది కాబట్టి సర్కారు ఇచ్చే మొత్తం చిత్రం ఖర్చులో చెప్పుకోదగిన భాగమయ్యేది. మన నెల్లూరువాడు, ‘ఫిడేలు రాగాల డజన్’ కవి పఠాభి 1970లో ‘సంస్కార’ తీసింది కన్నడంలోనే. అది సబ్సిడీ వల్లే పుట్టిందని అనను. కానీ అలాంటి సాహసానికి అప్పటి తెలుగు పరిశ్రమలో చోటు లేదన్నది గమనించాలి. తెలుగులో చిత్రం ఖర్చుతో పోలిస్తే సబ్సిడీ స్వల్పం. అది ఎలాగూ తీసే సినిమాకు కొసరు అయ్యిందే తప్ప, తీయలేని సినిమాను తీయించలేదు. ‘ఒక ఊరి కథ’, ‘అనుగ్రహం’, ‘మాభూమి’ వంటివి వచ్చాయి నిజమే. వాటికి దర్శకులుగా మృణాల్ సేన్, శ్యామ్ బెనెగళ్, గౌతమ్ ఘోష్ రావలసి వచ్చింది.

ఇక అసలు విషయం. సినిమా టికెట్ మీద పన్ను 1939 నాటి మద్రాసు వినోదపు పన్ను చట్టంతో మనకు వచ్చింది. మద్యనిషేధంతో తగ్గిన ఆదాయాన్ని పూడ్చుకోవడానికి రాజాజీ ప్రభుత్వం అమ్మకపు పన్ను తెచ్చింది కూడా ఆ ఏడాదే. రాజ్యాంగం వచ్చాక వినోదం మీద పన్ను రాష్ట్రాల జాబితాలో 62వ అంశమైంది. అంటే సినిమా విషయంలో రాష్ట్రం చేతిలో ఉన్న బలమైన పనిముట్టు ఇదే. పాత పద్ధతిలో అమ్మిన ప్రతి టికెట్‌కూ పన్ను కట్టాలి. హాలు నిండితే ఎక్కువ, ఖాళీగా ఉంటే తక్కువ. దొంగ టికెట్లు, తప్పుడు లెక్కలు, తనిఖీకి వచ్చే ఇన్‌స్పెక్టరును ప్రసన్నం చేసుకోవడం దీనితోపాటు పెరిగిన జబ్బులు. నిర్మాతకూ ఖజానాకూ ఇద్దరికీ నష్టమే.

1983 జనవరిలో ఎన్టీఆర్ ముఖ్యమంత్రి అయ్యారు. 1984 జనవరి నుంచి అమలులోకి వచ్చేలా చట్టం సవరించారు. అప్పటినుంచి పన్ను అమ్మిన టికెట్ల మీద కాదు. హాలులో సీట్లన్నీ నిండితే ఒక ఆటకు ఎంత వసూలవుతుందో ఆ మొత్తం మీద ఒక శాతం. ఏసీ హాలా, ఎయిర్ కూల్డా, మామూలుదా, ఏ స్థాయి ఊళ్లో ఉంది అన్నదాన్ని బట్టి ఆ శాతం మారేది. జనం వచ్చినా రాకపోయినా కట్టవలసింది అంతే. సినిమావాళ్ల నోట ఇదే శ్లాబు విధానం.

దీని పర్యవసానం అర్థం కావాలంటే చిన్న లెక్క చాలు. ఆటకు నిండుగా వెయ్యి రూపాయలు వచ్చే హాలు, దాని మీద పన్ను రెండు వందలు అనుకుందాం. హౌస్‌ఫుల్ అయితే పన్ను వసూలులో ఐదో వంతు. నాలుగు వందలే వస్తే అదే రెండు వందలు సగమవుతుంది. రెండు వందలు వస్తే మొత్తం పన్నుకే పోతుంది, కరెంటు బిల్లు కూడా చేతి నుంచే. కాగితం మీద రేటు ఒక్కటే. ఆచరణలో బాగా ఆడే సినిమాకు తేలిక పన్ను, మెల్లగా పుంజుకునే సినిమాకు బరువైన పన్ను.

థియేటర్ల యజమానులు కోర్టుకెక్కారు. రాని ప్రేక్షకుడి మీద పన్ను ఏమిటన్నది వారి వాదన. వెంకటేశ్వరా థియేటర్ కేసులో 1993లో సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చి చట్టాన్ని సమర్థించింది. వసూలు సౌలభ్యం కోసం, ఎగవేతను అరికట్టడం కోసం ప్రభుత్వం ఇలాంటి కొలబద్ద ఎంచుకోవచ్చన్నది న్యాయపరంగా బలమైన మాటే. ఆ తీర్పుతో నాకు పేచీ లేదు. కోర్టు ముందున్నది పన్ను చెల్లుతుందా అన్న ప్రశ్న. సినిమాకు ఏమైందన్నది మన ప్రశ్న.

ఆటకింత అని పన్ను ఖాయమయ్యాక హాలు యజమాని వసూళ్లలో వాటాకు ఒప్పుకోవడం కష్టం. అద్దె ముందు ఖాయం చేసుకోవాలని చూస్తాడు. అద్దె, పన్ను రెండూ ఖాయమైతే మిగిలిన నష్టభయమంతా డిస్ట్రిబ్యూటరు మీద, అతని ద్వారా నిర్మాత మీద పడుతుంది. అప్పుడు బయ్యరు కొనేది కథను కాదు, మొదటి వారాన్ని. మొదటి వారాన్ని నింపగలిగేది హీరో. రెండో వారం నుంచి నోటి మాటతో జనం పెరిగే చిత్రానికి అంతదాకా హాలులో ఉండే ఓపిక ఎవరు కొనిపెడతారు? తారల మీద ఆధారం, ఒకేసారి ఎక్కువ హాళ్లలో విడుదల, రెండో వారానికే సినిమా ఎత్తేయడం వంటివి ఎనభైల మధ్య నుంచి బలపడిన తీరుకూ ఈ పన్ను లెక్కకూ పొత్తు కుదురుతుంది.

కారణమంతా ఇదేనంటే అతిశయోక్తి. కలర్ టీవీ 1982లో వచ్చింది, వెనకే వీసీఆర్ వచ్చింది, కుటుంబ ప్రేక్షకులు ఇళ్లలో ఉండిపోయారు. తార వ్యామోహం శ్లాబుకు ముందూ ఉంది, తమిళనాడులోనూ ఉంది. ఈ పద్ధతి వల్ల మేలూ జరిగింది. ఇన్‌స్పెక్టరు బెడద తగ్గింది. చిన్న ఊళ్లలో శాతం తక్కువ కాబట్టి బి, సి సెంటర్లలో హాళ్లు నిలదొక్కుకున్నాయి. తెలుగు నేల మీద అన్ని సినిమా హాళ్లు ఉండడంలో దీని పాత్రను తీసేయలేం. నేను అనేది ఒక్కటే. ఒక సినీ నటుడి ప్రభుత్వం ఆదాయం కోసం చేసిన సవరణ, ప్రోత్సాహం పేరుతో ప్రకటించిన పథకాలన్నిటికంటే లోతుగా ఏ రకం సినిమాకు బతుకు ఉందో నిర్ణయించింది. చరిత్రలు రాసేవాళ్లు సబ్సిడీలకు అధ్యాయాలు కేటాయించి దీన్ని ఒక వాక్యంలో దాటేస్తారు.

మరో విషయమూ మన చర్చల్లోకి రాదు. వినోదపు పన్నులో అధిక భాగం వెళ్లవలసింది పంచాయతీలకు, మునిసిపాలిటీలకు. సచివాలయం ఒక చిత్రానికి పన్ను మినహాయిస్తే ఆ ఔదార్యానికి మూల్యం చెల్లించేది ఊళ్లో రోడ్డు వేయవలసిన స్థానిక సంస్థ. ఆ సంస్థను ఎవరూ అడగలేదు.

ఇక మినహాయింపుల సంగతి. తమిళనాడులో 2006లో కరుణానిధి ప్రభుత్వం తమిళ పేరున్న చిత్రాలకు పన్ను తీసేసింది. మన ‘నువ్వొస్తానంటే నేనొద్దంటానా’ తమిళ రీమేక్ తన పేరులోని ఇంగ్లీషు మాటలను విడిచిపెట్టి ‘ఉనక్కుం ఎనక్కుం’ అయ్యింది. పేరు మారింది, సినిమా మారలేదు. ఆంధ్రప్రదేశ్ తెలుగు చిత్రాలకు తక్కువ రేటు, ఇతర భాషల వాటికి ఎక్కువ రేటు పెట్టింది. ఆశీర్వాద్ ఫిల్మ్స్ కేసులో 2007లో సుప్రీంకోర్టు భాషను బట్టి ఇలా తేడా చూపడం చెల్లదంది. రాష్ట్రం విడిపోయాక 2015లో ‘రుద్రమదేవి’కి తెలంగాణ మినహాయింపు ఇచ్చింది, ఆంధ్రప్రదేశ్ ఇవ్వలేదు. 2017లో ‘గౌతమిపుత్ర శాతకర్ణి’కి రెండు రాష్ట్రాలూ ఇచ్చాయి. ఈ మేలు టికెట్ కొన్నవాడికి చేరలేదంటూ ఒక వినియోగదారుల సంఘం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆ ఫిర్యాదు నాకు న్యాయంగానే తోస్తుంది. పన్ను కట్టేది ప్రేక్షకుడు, హాలువాడు వసూలు చేసి పెడతాడంతే. పన్ను పోయి ధర అలాగే ఉంటే, ప్రేక్షకుడి డబ్బును సర్కారు నిర్మాతకు రాసిచ్చినట్టే. చరిత్ర పురుషుడి పేరు మీద జరిగినా ఆ లెక్క మారదు.

2017 జూలైలో జీఎస్టీ రావడంతో ఈ పనిముట్టు రాష్ట్రాల చేయి జారింది. రాజ్యాంగంలో స్థానిక సంస్థలు వేసుకునే వినోదపు పన్ను మాత్రమే మిగిలింది. తమిళనాడు వెంటనే ఆ దారి పట్టి థియేటర్ల సమ్మెను ఎదుర్కొంది. 2025 సెప్టెంబరు నుంచి వంద రూపాయల లోపు టికెట్ మీద జీఎస్టీ 5 శాతం, ఆపైన 18 శాతం. అందులో రాష్ట్ర వాటా సగం. ‘పన్ను లేని సినిమా’ అని ఇవాళ ఏ ముఖ్యమంత్రి ప్రకటించినా వదులుకోగలిగింది ఆ సగమే.

దాంతో ప్రోత్సాహం రూపం మారింది. ఇప్పుడు సర్కారు ఇచ్చేది పన్ను రాయితీ కాదు, టికెట్ ధర పెంచుకునే అనుమతి. ఆంధ్రప్రదేశ్ 2021 ఏప్రిల్‌లో ధరలను బాగా కిందికి బిగించింది. 2022 మార్చిలో సడలించింది. హీరో, హీరోయిన్, దర్శకుల పారితోషికాలు కాక వంద కోట్లకు మించి ఖర్చయిన చిత్రానికి మొదటి పది రోజులు అదనపు ధర ఇస్తామంది, రాష్ట్రంలో కనీసం 20 శాతం షూటింగ్ జరిగి ఉండాలని షరతు పెట్టింది. పారితోషికాలను పక్కన పెట్టడం మంచి ఆలోచన. కానీ మొత్తం పద్ధతిని నేను సమర్థించలేను. సబ్సిడీ అయితే బడ్జెట్‌లో ఒక పద్దు ఉండేది, శాసనసభలో అడగడానికి వీలుండేది. పన్ను మినహాయింపుకైనా ఖజానా లెక్కలో ఒక లోటు కనిపించేది. ధర పెంపులో సర్కారుకు పైసా ఖర్చు లేదు కాబట్టి జవాబుదారీ కూడా లేదు. మొదటి రోజుల్లో వచ్చే అభిమాని, ఎక్కువగా కుర్రవాడు, జేబులోంచి నేరుగా ఇస్తున్నాడు. 1984 నుంచి మొదటి వారం మీదికి ఒరిగిన వ్యాపారాన్ని ఈ ఉత్తర్వులు ఇంకా అటే తోస్తున్నాయి.

2024 డిసెంబరులో హైదరాబాదు సంధ్య థియేటర్‌లో బెనిఫిట్ షో వేళ జరిగిన తొక్కిసలాటలో ఒక తల్లి ప్రాణం పోయింది. ఇక బెనిఫిట్ షోలు, ధరల పెంపు ఉండవని తెలంగాణ ముఖ్యమంత్రి అసెంబ్లీలో చెప్పారు. మరుసటి నెలలోనే సంక్రాంతి చిత్రానికి ఉత్తర్వు వెలువడింది, వ్యవహారం హైకోర్టుకు వెళ్లాక ఉపసంహరించారు. ఇంత అస్థిరంగా నడిచేదాన్ని విధానం అనడానికి నాకు మనసొప్పదు.

2022 నాటి ఆంధ్ర ఉత్తర్వులో ఐదో ఆటకు అనుమతిస్తూ రోజులో ఒక ఆట చిన్న చిత్రానికి ఇవ్వాలన్న నిబంధన ఉంది. శ్లాబు కాలం నుంచి చిన్న సినిమా పోగొట్టుకుంటూ వచ్చింది సరిగ్గా దీన్నే, జనం చూడదగిన వేళలో ఒక తెరను. ఎన్ని హాళ్లు ఆ ఆట వేస్తున్నాయో, ఏ వేళకు వేస్తున్నాయో జిల్లాలవారీగా నెలనెలా ప్రకటించమని నిర్మాతల మండలి, విమర్శకులు ప్రభుత్వాన్ని అడగాలి. కొత్త సబ్సిడీ కోసం మరో వినతిపత్రం రాసేలోగా చేయవలసిన పని అది.