మిషన్ల సెటిల్మెంట్లు, ఎరుకల భూమి

మానవపాడు చుట్టుపక్కల నడిగడ్డ ఊళ్లలో జొన్న పండుతుంది, ఉప్పు పండదు. రైలు రాకముందు సముద్రతీరపు ఉప్పును గాడిదల మీద, ఎద్దుల మీద లోనాటికి చేరవేసిన వాళ్లలో మన ఎరుకలవాళ్లు ఉన్నారు. ఉప్పు కొలిచి గింజలు తెచ్చుకున్నాం. దారిలోని బీళ్లలో పశువులను మేపుకున్నాం, ఈతాకు కోసి బుట్టలల్లాం. మెట్టనేలను వాడుకోవడంలో ఇదీ ఒక పద్ధతే. నాగలి పట్టకపోయినా ఆ నేల మనకు తిండి పెట్టింది.

ఉప్పు సర్కారు గుత్తాధిపత్యంలోకి పోయింది, సరుకు రైలెక్కింది. బతుకుతెరువు పోయినవాళ్లను తెల్లదొరల సర్కారు ఆదుకోలేదు, దొంగలని ముద్ర వేసింది. 1871 నాటి నేరస్థ తెగల చట్టం 1911 సవరణతో మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. నడిగడ్డ నిజాం ఏలుబడిలో ఉన్నా, తుంగభద్ర అవతలి కర్నూలు నుంచి కోస్తా దాకా ఆ చట్టమే నడిచింది.

పట్టి తెచ్చిన కుటుంబాలను సర్కారు క్రైస్తవ మిషన్లకు అప్పగించింది. కావలి సెటిల్మెంటును అమెరికన్ బాప్టిస్టు మిషన్ నడిపింది. బాపట్ల దగ్గర 1913–14లో సాల్వేషన్ ఆర్మీ స్టువర్టుపురాన్ని నెలకొల్పింది. ఆ ఊరి పేరు మద్రాసు గవర్నరు కార్యనిర్వాహక మండలి సభ్యుడు హెరాల్డ్ స్టువర్టుది.

తిరిగే మనిషి చెడతాడు, దున్నే మనిషి బాగుపడతాడు అన్నది మిషన్ల నమ్మకం. అందుకే వాళ్ల చేతిలో భూమి పంటకే కాదు, మనిషిని మార్చడానికీ పనిముట్టయింది. పిల్లలకు బడి దొరికింది; ఆ మేలును మనం కాదనం. కానీ దున్నేవాడు హాజరు పలకాలి, ఊరు దాటాలంటే పాసు తీసుకోవాలి. సేద్యం అందరికీ చాలక చాలామంది చీరాల పొగాకు కంపెనీలో కూలికి పోయారు.

చట్టం 1952లో రద్దయింది. ముద్ర మాత్రం స్టువర్టుపురం పేరుతో సినిమాల్లోకీ ఎక్కింది.

భూమి చూపించడం వేరు, భూమి మీద హక్కు ఇవ్వడం వేరు. ఈ తేడాను మన బడుల్లో చెప్పాలి. ఉపాధ్యాయులు పిల్లలతో పెద్దలను అడిగించి పాత ఉప్పు దారులను రాయించాలి. యువకులు తమ ఇంటి సాగుభూమి పహాణీలో ఎవరి పేర ఉందో చూడాలి. అసైన్డ్ భూమిని అమ్మడం, కొనడం 1977 చట్టం నిషేధించిందని ఊళ్లో చెప్పాలి. మన తాతలు దున్నిన నేలకు అజమాయిషీ ఇంకొకరిది. మనం దున్నే నేలకు కాగితం మన పేర ఉండాలి.